ఆషాఢంలో వచ్చిన ప్రింటర్

మా వీధిలో సత్యకుమారికి రెండు పేర్లుండేవి. ఒకటి మేం తగిలించింది, రెండోది ఆవిడ సంపాదించుకున్నది. నెత్తిన గంపతో వచ్చే రోజుల్లో అందరం చేపలావిడ అనేవాళ్ళం. అసలు పేరేంటని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. తర్వాత గున్నేశ్వరరావు గారి ఆడపిల్లల హాస్టళ్ళలో ప్రింటర్ చూసుకునే పని దొరికింది. అప్పటినుంచి ప్రింట్ ఆంటీ అయింది. ఈ రెండో పేరు మీద ఆవిడకెంత మమకారమో నాకు తెలుసు. అది ఎలా పోయిందో కూడా మా వరండాలో కూర్చుని చూసినదాన్ని.

రాజమండ్రిలో మా వీధి ఒకప్పుడు గుమస్తాల వీధి. ఇప్పుడు హాస్టళ్ళ వీధి. గున్నేశ్వరరావు గారికి బజారులో హోల్‌సేల్ కిరాణా. కాస్త ఖాళీ స్థలం కనబడితే చాలు, నాలుగంతస్తులు లేపి బోర్డు తగిలించే మనిషి. మా ఇంటి ఎదురుగా ఆయనవి మూడు బిల్డింగులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మూడింటికీ కలిపి ఒకే ప్రింటర్, మొదటి బిల్డింగు మెట్ల కింద గదిలో. అదేదో పిల్లల మీద ప్రేమతో పెట్టించారనుకునేరు. ప్రింట్ల వంకతో ఆడపిల్లలు సాయంత్రాలు రోడ్డెక్కుతున్నారని తల్లిదండ్రులు గొడవ చేస్తే పెట్టించారు. చూసుకోవడానికి పెట్టిన కుర్రాడు మానేస్తే, ఆయన భార్య రత్నమాణిక్యం గారు ఎవరైనా ఆడమనిషి ఉంటే చెప్పండి టీచరుగారూ అని నన్నడిగారు. నేను రిటైరైన లెక్కల టీచర్ని. వీధిలో ఎవరికేం కావాలన్నా ముందు నన్నడగడం అలవాటు.

నేను చేపలావిడని చెప్పాను, సత్యకుమారి అన్న పేరు ఆ రోజే కనుక్కున్నాను. ఇంటర్ దాకా చదివింది, మాట నెమ్మది, లెక్క తప్పదు. రత్నమాణిక్యం గారు ముక్కు మీద వేలేసుకున్నారు. వాళ్ళది ఉల్లిపాయ కూడా ఆలోచించి తినే ఇల్లు, హాస్టల్ వంటా అంతే. చివరికి తలస్నానం చేసి రావాలి, గంప మాత్రం గేటు లోపలికి రాకూడదు అనే షరతు మీద ఒప్పుకున్నారు. సత్యకుమారి మర్నాటినుంచి గంపే మానేసింది.

ఆ పనిని ఆవిడ ఎంత శ్రద్ధగా చేసేదో చెప్పాలి. పిల్లలు ఫైళ్ళు ఫోన్లో పంపేవాళ్ళు. నర్సింగ్ వాళ్ళకి కేస్ షీట్లు, ఫార్మసీ వాళ్ళకి రికార్డులు, ఇంజినీరింగ్ వాళ్ళకి ప్రాజెక్టులు, అందరిదీ "అర్జెంటాంటీ". ఒకటే మిషన్, మూడు బిల్డింగులు. రోజూ కుళాయి దగ్గర బిందెల తగువులా ఉండేది. సత్యకుమారి ఒక పద్ధతి పెట్టింది. మర్నాడు పొద్దున్న ఇచ్చుకోవాల్సిన వాళ్ళది ముందు. అబద్ధమాడి ముందుకి దూరిన పిల్లది వారమంతా చివర. తీసిన కాగితాలకి రబ్బరు బ్యాండు వేసి బిల్డింగుకో అరలో పెట్టేది. ఫైలు పంపిన పిల్ల కళ్ళముందే దాన్ని ఫోన్లోంచి తీసేసేది. "పరాయి పిల్లల కాగితం మనకాడ ఉండకూడదండి" అనేది. వానాకాలంలో కాగితం చెమ్మ పీల్చుకుని మిషన్లో ఇరుక్కునేది. ఎండుచేపలు ఆరబెట్టిన ఇంటి కోడలికి చెమ్మ సంగతి ఒకరు చెప్పాలా! కాగితాల కట్టలు చెక్కపెట్టెలో పెట్టి లోపల బల్బు వెలిగించి ఉంచేది. పొరపాటున కాగితం కింద పడి కాలు తగిలితే కళ్ళకద్దుకునేది.

ఒకసారి మా వరండాలో టీ తాగుతూ తనే అంది.

"గంపెత్తుకున్నప్పుడు గంపలోకి చూసేవారండి అమ్మగారూ, నా మొకంలోకి చూసేవోరు కాదు. ఇప్పుడేమో మూడో అంతస్తునుంచి కనపడకపోయినా 'ప్రింటాంటీ' అని కేకేస్తారు. నాకది చాలండి. ఇంక మళ్ళీ గంపెత్తనండి. మా అత్తకి కూడా చెప్పేశాను."

"మీ అత్త ఏమంది?"

"అన్నం పెట్టిన గంపని అలా అనకే అందండి. నిజమే. అన్నం పెట్టింది, కాదనను. పేరు పెట్టలేదు కదండీ."

అత్తగారు నాగరత్నం మాటలో తప్పు లేదు. కోడలి మాటలోనూ లేదు. గంప ఎందుకు ఎత్తాల్సి వచ్చిందో మాత్రం ఇక్కడే చెప్పాలి, తర్వాత జరిగినదానికంతటికీ మూలం అదే కనక.

సత్యకుమారి వాళ్ళది గోదావరి గట్టు కింద జాలరిపేట. భర్త బుల్లియ్య కొన్నేళ్ళ క్రితం కొత్త నావ చేయించుకున్నాడు. నావ తయారయ్యేసరికి ఆషాఢం వచ్చింది. వరద ఎర్రనీళ్ళు తగిలి పులస చేప సముద్రంలోంచి గోదావరికి ఎదురెక్కే రోజులు. ఆషాఢం పోనీరా, శ్రావణంలో మంచిరోజు చూసి దింపుదువుగాని అని నాగరత్నం బతిమాలింది. పులస శ్రావణం దాకా మనకోసం కూర్చుంటుందా అని బుల్లియ్య నావని నీళ్ళలోకి దింపాడు. పసుపు రాశాడు, కొబ్బరికాయ కొట్టాడు, అన్నీ చేశాడు, నెల ఒక్కటే చూడలేదు. వరద పెరిగిననాడు నావ కట్టు తెంచుకుని పోయి బ్రిడ్జి స్తంభానికి కొట్టుకుని ముక్కలైంది. మనిషి గట్టుమీదున్నాడు కనక మిగిలాడు. ఆనాటినుంచి ఆయన పరాయి నావల మీద వాటాకి వెళ్తున్నాడు, ఈవిడ గంప ఎత్తింది.

వరదకి నెలలతో పనేంటి, తాడు గట్టిగా కట్టుకుంటే సరిపోయేదిగా అని నేనోసారి అన్నాను. సత్యకుమారి నావంక జాలిగా చూసింది. లెక్కలు చెప్పి చెప్పి ఈవిడకి బుర్ర ఎండిపోయిందనుకుని ఉంటుంది.

ఇలా ఉండగా హాస్టల్ ప్రింటర్ ముసలిదైపోయింది. ప్రతి కాగితం మీదా నిలువునా ఒక నల్లగీత పడసాగింది. మెకానిక్ వచ్చి పెదవి విరిచాడు. గున్నేశ్వరరావు గారు మూలిగి మూలిగి కొత్తది తెప్పించారు. పెద్ద అట్టపెట్టెలో వచ్చింది. ఆ రోజుకి ఆషాఢం మొదలై ఇంకా వారం కాలేదు.

"ఇప్పుడే తియ్యొద్దండి అయ్యగారూ" అంది సత్యకుమారి. "శ్రావణం రానివ్వండి. మొదటి శుక్రవారం కొబ్బరికాయ కొట్టి ఆన్ చేద్దాం. నావని నీళ్ళలోకి దింపడానికి రోజు చూస్తామా, దీనికి చూడొద్దాండీ? ఇది నా నావేనండి."

గున్నేశ్వరరావు గారు పంచాంగం చూడకుండా పప్పు బస్తా మూతి కూడా విప్పరు. "మంచి మాట చెప్పావమ్మా సత్యా, అలాగే కానీ" అన్నారు. పెట్టెకి పసుపుబొట్టు పెట్టి గోడవారగా జరిపారు. నేను విని, మిషన్‌కి ఆషాఢం ఏంటి సత్యా, కరెంటుకి తిథులుంటాయా అని గదమాయించాను. ఆవిడ నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు వెనక ఎంత భయముందో నాకు తెలుసు. ఉన్న ఒక్క ఆధారాన్నీ మళ్ళీ ఆ నెల చేతిలో పెట్టడానికి ఆవిడ ప్రాణం ఒప్పలేదు.

కాలేజీలకి మాత్రం ఆషాఢం లేదు. రికార్డులు, వైవాలు, ప్రాజెక్టులు అన్నీ ఆ నెలలోనే ముంచుకొచ్చాయి. పాత మిషన్ గీత గీస్తూనే ఉంది. సత్యకుమారి దాన్ని తుడిచేది, మూత తీసి ఊదేది, బతిమాలేది. గీత రోజురోజుకీ లావెక్కింది.

ఫార్మసీ మూడో ఏడు చదివే రమ్యశ్రీ అనే పిల్ల ఉండేది. వాళ్ళది కొవ్వూరు. ప్రింట్ ఆంటీ అనే పేరు మొదట పెట్టింది ఆ పిల్లే. ఒకరోజు సాయంత్రం ఏడుస్తూ వచ్చింది. గీతలు పడిన రికార్డు మేడమ్ మొహాన కొట్టిందట, మర్నాడు శుభ్రంగా తెమ్మందట.

"ఆంటీ, కొత్తది అక్కడే ఉంది కదా. నాదొక్కటి తీసి మళ్ళీ పెట్టేయండి. ఎవరికీ చెప్పను."

"ఒక్కటైనా మొదలు మొదలేనమ్మా. పదిరోజులు ఓర్చుకో, బంగారంలాంటి కాగితం ఇస్తాను."

"పదిరోజులాగితే నాకు మార్కులెవరిస్తారాంటీ?"

సత్యకుమారి పెట్టెవంక చూసింది, పిల్లవంక చూసింది. రెండుసార్లు పెట్టె మీద చెయ్యి వేసి తీసేసిందని రమ్యశ్రీయే తర్వాత నాతో చెప్పింది. చివరికి పాత మిషన్ మీదే మళ్ళీ తీసింది. మళ్ళీ గీత పడింది. ఆ పిల్ల కాగితాలు అక్కడే పడేసి వానలో మెయిన్ రోడ్డుకి పరిగెత్తింది. అక్కడ క్యూ. తిరిగొచ్చేసరికి గేటు మూసేశారు, నిలువెల్లా తడిసిన పిల్లని వార్డెన్ అందరిముందూ నానా మాటలంది. మర్నాడు కొవ్వూరునుంచి తండ్రి బ్రిడ్జి దాటి వచ్చి గున్నేశ్వరరావు గారిని వీధంతా వినేలా కడిగిపారేశాడు. మిగతా తల్లిదండ్రులు ఫోన్లు అందుకున్నారు. హాస్టల్ వ్యాపారంలో ఇంతకంటే పెద్ద పిడుగు లేదు.

ఆ వారమే ఉదయ్‌కుమార్ అనే కుర్రాడు బ్యాగు తగిలించుకుని దిగాడు. ఏదో కంపెనీ తరఫున వచ్చానన్నాడు. మిషన్ వాళ్ళే పెడతారట, కాగితం వాళ్ళే నింపుతారట, హాస్టల్‌కి పైసా ఖర్చు లేదట. పిల్లలు ఫోన్‌తో స్కాన్ చేస్తే కాగితం దానంతటదే వస్తుందట. మనిషి అక్కర్లేదు అన్న మాట మాత్రం మెల్లిగా చెప్పాడు. గున్నేశ్వరరావు గారి చెవికి అదే గట్టిగా వినబడింది.

"శ్రావణం వచ్చేదాకానే సత్యా" అన్నారు. "పిల్లల తండ్రులతో పడలేకపోతున్నాను. తర్వాత నీ మిషన్ నీకుండనే ఉంది."

దాన్ని బిగించింది ఆషాఢంలో, మంగళవారం, అదీ రాహుకాలంలో. కింద వరండాలో, మెట్లగదికి ఎదురుగా. కొబ్బరికాయ లేదు, పసుపు లేదు. సత్యకుమారి తట్టుకోలేక గదిలోంచి బయటికొచ్చింది.

"ఈ ఘడియ పోనీ బాబూ, నీ మంచికే చెబుతున్నాను."

"నాకివాళ ఇంకా రెండు హాస్టళ్ళున్నాయండి" అన్నాడు ఆ కుర్రాడు స్క్రూ తిప్పుతూ. వేళాకోళం లేదు, పని తొందర అంతే.

శ్రావణం వచ్చేదాకా ఆవిడ మెట్లగది గుమ్మంలో కూర్చుని ఆ మిషన్నే చూసింది. ఆగిపోతుందని ఎదురుచూసింది. "పాపం అనకండి అమ్మగారూ, అది చెడిపోవాలనే దండం పెట్టుకుంటున్నాను" అని నా దగ్గర పైకే చెప్పేసింది. అది ఒక్కసారి కూడా ఆగలేదు. కాగితం ఇరుక్కోలేదు, గీత పడలేదు. ఎవరిది ముందో తేల్చాల్సిన పనీ లేకపోయింది, ఎవరు ముందు స్కాన్ చేస్తే వాళ్ళదే. పిల్లలు మొదట్లో గుమ్మంలో ఉన్న ఆవిణ్ణి చూసి కాస్త మొహమాటపడ్డారు. తర్వాత మొహమాటం కూడా తగ్గింది.

శ్రావణ శుక్రవారం వచ్చింది. సత్యకుమారి పెళ్ళినాటి చీర కట్టుకుని, తల్లో చేమంతులు పెట్టుకుని వచ్చింది. నన్నూ పిలిచింది. గదికి మామిడాకులు కట్టింది. పెట్టె విప్పి, మిషన్‌కి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ మాత్రం నీళ్ళు పడతాయని దూరంగా గుమ్మం దగ్గర కొట్టింది. రత్నమాణిక్యం గారు హారతిచ్చారు. మొదటి కాగితం మీద నడిమధ్య "శ్రీ" అని ఒక్క అక్షరం తీసింది. ఎంత నల్లగా, ఎంత తేటగా వచ్చిందో! కళ్ళకద్దుకుని గోడకి అంటించింది. నాకు ఆ అక్షరం చూసి ఏడుపొచ్చింది, ఎందుకంటే గుమ్మం బయట ఏం జరుగుతోందో నాకు కనబడుతోంది. పిల్లలంతా వచ్చారు. శనగల ప్రసాదం తీసుకున్నారు, "భలే ఉందాంటీ మిషను" అన్నారు. ఒక చేత్తో శనగలు నోట్లో వేసుకుంటూ రెండో చేత్తో ఎదురుగా ఉన్న కంపెనీ మిషన్‌కి ఫోన్ చూపించి కాగితాలు తీసుకుని పైకి పోయారు.

ఆ రోజు ప్రింటు కోసం ఒక్కరూ గదిలోకి రాలేదు. మర్నాడూ రాలేదు. సత్యకుమారి చెక్కపెట్టెలో బల్బు వెలిగించి కాగితాలు వెచ్చగా ఉంచింది. నేనే పాత పద్యాలేవో ఏరి ప్రింట్లు తీయించుకున్నాను, నాకు అక్కర్లేకపోయినా. ఆవిడకి తెలుసు. రబ్బరు బ్యాండు వేసి ఇచ్చింది.

నెలాఖరుకి గున్నేశ్వరరావు గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మనిషి చెడ్డవాడు కాదు, అదే వచ్చిన బాధ. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు.

"ఏమీ అనుకోకమ్మా సత్యా. కొత్త మిషన్ కొట్టుకి పట్టుకుపోతాను, బిల్లులకి పనికొస్తుంది. గదిలో పిల్లల చెప్పుల స్టాండు పెట్టాలంటోంది మా ఆవిడ."

"మిషన్‌తోపాటు నేనూ వస్తానండి కొట్టుకి."

"అక్కడ గుమస్తాలున్నారు కదమ్మా, వాళ్ళే చూసుకుంటారు."

ఆవిడ ఇంకేం బతిమాలలేదు. ఒక్కటి మాత్రం అడిగింది.

"శుక్రవారం తెరిచానండి అయ్యగారూ. అది మంచిరోజే కదండీ?"

ఆయన తల వంచుకున్నారు. "చాలా మంచిరోజమ్మా" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీదా, ఆ కుర్రాడి మీదా, ఆ నెల మీదా. మా వీధిలోనూ పక్క వీధిలోనూ ఉన్న హాస్టళ్ళన్నీ తిరిగాను. ప్రతి వరండాలోనూ అదే మిషన్, అదే తెల్లటి మొహంతో ఉంది. ప్రింటర్ చూసుకునే మనిషి కావాలా అని అడిగితే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. జిరాక్సు షాపులవాళ్ళు కుర్రాళ్ళనే పెట్టుకుంటామన్నారు. ఆ పెట్టె అప్పుడే తెరిచి ఉంటే పని నిలిచేదా అని కూడా ఆలోచించాను. ఆ రమ్యశ్రీ రికార్డు ఒక్కటి గట్టెక్కేది, ఇంకో ఏడాది గడిచేది. ఉదయ్‌కుమార్ ఆ ఏడాది కాకపోతే మరుసటేడు వచ్చేవాడే. ఈ మాట సత్యకుమారికి ఓదార్పుగా చెబుదామని నోటిదాకా వచ్చి ఆగిపోయాను. అది ఓదార్పు ఎలా అవుతుంది?

దసరా వెళ్ళాక ఒకనాడు పొద్దున్నే వీధి చివర "చేపలమ్మా" అన్న కేక వినబడింది. కొత్తవాళ్ళెవరో అనుకున్నాను, అంత సన్నగా ఉంది గొంతు. గంప దించడానికి చెయ్యి వేస్తే తను. బొమ్మిడాయిలు శుభ్రం చేసి ఇచ్చింది.

"ఒక్క సాయమండి" అంది లేవబోతూ. బుల్లియ్యకి ఏదో కార్డు రావాలట, ఆధార్ కాపీలు ఆ పూటే ఇవ్వాలట. మెయిన్ రోడ్డు షాపు ఇంకా తెరవలేదు. ఎదురుగా హాస్టల్ వరండాలో మిషన్ ఉంది. గంప మా గేటు లోపల పెట్టి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని నాతో వచ్చింది. నా పాత ఫోన్‌తో ఆ మిషన్ పలకనే లేదు. ఏవేవో అంకెలడిగింది. ఇద్దరం దానిముందు నిలబడ్డాం. పక్కనే మెట్లగది తలుపు తీసి ఉంది, అరల్లో చెప్పులున్నాయి. "శ్రీ" అన్న కాగితం ఇంకా గోడకే ఉంది. సత్యకుమారి అటు చూడలేదు.

మెట్లు దిగుతున్న రమ్యశ్రీ మమ్మల్ని చూసి గబగబా వచ్చింది. "నేను తీస్తాను" అంది. ఆంటీ అనబోయిందో ఏమో, అనలేదు. ఆధార్ కార్డుకి ఫోటో తీసి, తన ఫోన్ మిషన్‌కి చూపించింది. మిషన్ నుంచి కాగితం రాగానే సత్యకుమారి అలవాటు కొద్దీ అంచులు సరిచేసి కళ్ళకద్దుకుంది. దండం పెట్టి గేటువైపు నడిచింది. వెనకాల మిషన్ ఇంకో కాగితం వదిలింది. అక్కడ క్యూలో ఉన్న ఫస్టియర్ పిల్ల, ఈ ఏడే చేరింది, ఆవిణ్ణి ఎప్పుడూ గదిలో చూసింది కాదు. పొద్దున్న వీధిలో గంపతో చూసి ఉంటుంది. కాగితం చేత్తో ఊపుతూ కేకేసింది.

"చేపలావిడా! మీ కాగితం!"

రమ్యశ్రీ ఉలిక్కిపడి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. పేరు సరిచేద్దామని నేనూ నోరు తెరిచాను. అప్పటికే సత్యకుమారి వెనక్కి తిరిగి, "ఆయ్, వస్తున్నానమ్మా" అంటూ వచ్చేస్తోంది.